ఇన్ని పెద్ద పరిశ్రమలున్న విశాఖలో కూడా అసంఘటిత ఉపాధి ఎందుకింత ఎక్కువ?

ప్రశ్న: కంచరపాలెం చదువరి

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఎంఏ అర్థశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. మన దేశంలో అసంఘటిత ఉపాధి ఎంత ఉంది, ఎందుకు ఉంది అన్న విషయం మీద ప్రాజెక్టు నివేదిక రాయవలసి ఉంది. చదవడం మొదలుపెట్టగానే అంకెల దగ్గర చిక్కు వచ్చింది. ఒకచోట దేశంలోని శ్రామికుల్లో 86 శాతం అసంఘటిత రంగంలో ఉన్నారని రాశారు. మరొకచోట 92 శాతం అని ఉంది. ఇంకొకచోట దేశ ఆర్థిక వ్యవస్థలో అసంఘటిత రంగం వాటా సుమారు సగమేనని ఉంది. ఇవన్నీ నమ్మదగిన చోట్ల చదివినవే. మూడూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

రెండో సందేహం మన ఊరి గురించి. పరిశ్రమలు తగినన్ని రానందువల్ల, సేద్యం వదిలి వచ్చినవారికి స్థిరమైన ఉద్యోగాలు దొరకనందువల్ల అసంఘటిత ఉపాధి మిగిలిపోతోందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కానీ 1933లో ఓడరేవు, 1940లలో నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ తరువాత ఉక్కు కర్మాగారం వచ్చిన విశాఖకు పరిశ్రమలు రాలేదని ఎవరూ అనలేరు. అయినా తెల్లవారేసరికి కూడళ్లలో పనిముట్లు పట్టుకుని మేస్త్రీ పిలుపు కోసం నిలబడే అడ్డా కూలీలు ఇప్పటికీ గుంపులుగా కనిపిస్తూనే ఉన్నారు. దీనికి అసలు కారణం కఠినమైన చట్టాలా, చదువు లేకపోవడమా, యజమానుల లాభాపేక్షా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: అర్థశాస్త్ర అధ్యాపకురాలు

ముందు అంకెల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు దారి కూడా అక్కడే ఉంది.

మీరు చూసిన 86, 92 రెండూ ఒకే నివేదికలోనివి. అసంఘటిత రంగ సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం 2004లో అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన ఒక జాతీయ కమిషన్‌ను వేసింది. ఆ కమిషన్ 2004–05 నాటి జాతీయ నమూనా సర్వే వివరాలను తీసుకుని, దేశంలో పని చేస్తున్న సుమారు 45.7 కోట్ల మందిలో 39.5 కోట్ల మంది అసంఘటిత రంగంలో ఉన్నారని లెక్కగట్టింది. అదే 86 శాతం. ఇక్కడ కొలిచింది పని జరిగే చోటును: కంపెనీగా నమోదు కాని, వ్యక్తులో కుటుంబాలో నడిపే, పదిమంది కంటే తక్కువ మంది పనిచేసే సంస్థ అయితే అది అసంఘటిత రంగం కిందికి వస్తుంది. ఆ తరువాత కమిషన్ మరో ప్రశ్న వేసింది. పెద్ద సంస్థలోనే పనిచేస్తూ, యజమాని ద్వారా ఉద్యోగ భద్రత గాని, భవిష్యనిధి, ఆరోగ్య బీమా వంటి రక్షణ గాని లేనివారిని ఏ లెక్కలో వేయాలి? సంఘటిత రంగంలో ఉన్న ఆరు కోట్ల పైచిలుకు మందిలో దాదాపు సగం అటువంటివారేనని తేలింది. వారిని కూడా కలిపితే 92 శాతం అయింది. మొదటిది సంస్థను బట్టి వేసిన లెక్క, రెండోది ఉద్యోగాన్ని బట్టి వేసిన లెక్క. అంతర్జాతీయ స్థాయిలో కూడా సంస్థను బట్టి లెక్కించే పద్ధతి 1993లో, ఉద్యోగాన్ని బట్టి లెక్కించే పద్ధతి 2003లో కార్మిక గణాంకవేత్తల సదస్సుల్లో స్థిరపడ్డాయి.

మూడో అంకె మనుషుల లెక్క కాదు, విలువ లెక్క. దేశంలో ఏటా ఉత్పత్తయ్యే విలువలో అసంఘటిత రంగం వాటా సుమారు సగమని అంచనా. పదిమందిలో ఎనిమిది మందికి పైగా చెమటోడ్చితే వచ్చేది సగం విలువ, మిగిలిన ఒకరిద్దరి చోట మిగతా సగం వస్తోందన్నమాట. ఈ వ్యత్యాసమే ఈ విషయంలో అన్నిటికన్నా బాధాకరమైన వాస్తవమని నేను అనుకుంటాను. కారణం సోమరితనం కాదు. పెట్టుబడి, యంత్రం, కరెంటు, అప్పు సౌకర్యం అందని చోట ఎంత కష్టపడినా పుట్టే విలువ తక్కువగానే ఉంటుంది. వ్యవసాయం కాకుండా నమోదు కాని సంస్థల మీద ప్రభుత్వం జరిపిన 2023–24 సర్వే ప్రకారం అటువంటివి 7.34 కోట్లు ఉండగా, వాటిలో పనిచేసేవారు 12.06 కోట్ల మంది. సగటున ఒక సంస్థకు ఇద్దరు కూడా లేరు. మనం సంస్థ అని రాస్తున్నది చాలా సందర్భాల్లో ఒక కుట్టు మిషను, ఒక తోపుడు బండి, ఒక ఆటో.

ప్రపంచంతో పోల్చి చూడాలంటే, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం ప్రపంచ శ్రామికుల్లో 60 శాతానికి పైగా, అంటే 200 కోట్ల మందికి మించి, అసంఘటిత ఉపాధిలోనే ఉన్నారు. అభివృద్ధి చెందిన దేశాల్లో ఇది సుమారు 18 శాతం, ఆఫ్రికాలో సుమారు 86 శాతం.

ఇక కారణాలు. మొదటిది మీ పాఠ్యపుస్తకం చెప్పినదే, అది తప్పు కాదు. 2023–24 శ్రామిక శక్తి సర్వేలో కూడా 46 శాతం మంది వ్యవసాయంలోనే ఉన్నారు. జాతీయ ఉత్పత్తిలో వ్యవసాయం వాటా ఐదో వంతుకు మించదు. అక్కడ నిలవలేక బయటికి వచ్చినవారిని ఫ్యాక్టరీలు తగినంతగా తీసుకోలేదు. భవన నిర్మాణం, చిల్లర వ్యాపారం, రవాణా తీసుకున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా నుంచి విశాఖకు వచ్చేవారిలో ఎక్కువమంది మొదట చేరేది నిర్మాణ పనుల్లోనే. దీనికి తోడు మన దేశంలో పని లేనివారికి భృతి ఇచ్చే సమగ్రమైన ఏర్పాటు లేదు. పస్తులతో ఇంట్లో కూర్చోగల స్తోమత లేని మనిషి ఏదో ఒక పని చేస్తాడు, అందువల్ల నిరుద్యోగిగా లెక్కకు రాడు. అదే సర్వేలో నిరుద్యోగ రేటు 3.2 శాతం మాత్రమే ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. 1970ల ఆరంభంలో ఘనాలోని ఆక్రా నగరం గురించి మానవశాస్త్రవేత్త కీత్ హార్ట్, కెన్యా గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ బృందం గమనించినది ఇదే: పేద దేశపు నగరాల్లో అసలు సమస్య పని లేకపోవడం కన్నా, రోజంతా పని చేసినా పేదరికం తీరకపోవడం.

రెండో వాదం చట్టాలది. రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు, తనిఖీల ఖర్చు భరించలేక చిన్నవారు చట్టం బయటే ఉండిపోతారని పెరూ దేశ అనుభవంతో ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో వాదించారు. అందులో కొంత నిజముంది. కానీ ఒంటరిగా ఇడ్లీ బండి నడిపే మహిళకు వర్తించే కార్మిక చట్టమే దాదాపు లేనప్పుడు, ఆ చట్టాన్ని సడలిస్తే ఆమె బతుకు ఎలా మారుతుందో నాకు అర్థం కాదు.

విశాఖను అర్థం చేసుకోవడానికి కావలసింది మూడో కారణం. 1999–2000 నుంచి 2004–05 వరకు సంఘటిత రంగంలో పెరిగిన ఉపాధి మొత్తం రక్షణ లేని ఉపాధేనని సేన్‌గుప్తా కమిషన్ తేల్చింది. అంటే పరిశ్రమ రాలేదన్నది సగం కథే. పరిశ్రమ వచ్చింది, ఉద్యోగం మాత్రం గేటు బయటి కాంట్రాక్టరు పేరు మీద వచ్చింది. ఈ సంగతి కార్మిక చట్టాల్లో పనిచేసేవారు నాకన్నా బాగా చెప్పగలరు.

సమాధానం: గాజువాక లేబర్ లా

అధ్యాపకురాలు గారు ఆపిన చోట నుంచి చెబుతాను. నేను కార్మికుల పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్ఐ (ఆరోగ్య బీమా), గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే మొత్తం) వ్యవహారాలు చూస్తుంటాను.

కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. దాని పేరులోనే నియంత్రణతో పాటు రద్దు అన్న మాట కూడా ఉంది. ఏడాది పొడవునా జరిగే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించడానికి అది వీలు కల్పించింది. నిషేధించిన చోట ఆ కార్మికులను అసలు యాజమాన్యమే చేర్చుకోవాలా అన్నది చట్టంలో లేదు. చేర్చుకోవాలని 1996 డిసెంబరులో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చట్టాన్ని రాష్ట్రానికి సవరించి, సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులు కూడదని చెబుతూనే, పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, సరుకు ఎత్తడం దించడం వంటి పనులను ప్రధానం కానివిగా పక్కన పెట్టింది. దాదాపు అదే పద్ధతి ఇప్పుడు దేశమంతటికీ వచ్చింది. పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో ఒకటి దీన్నే తీసుకుంది. అంతేకాక, కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే కనీస సంఖ్యను 20 నుంచి 50కి పెంచింది.

కాగితం మీద కాంట్రాక్టు కార్మికుడికి కూడా పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యాజమాన్యమే చెల్లించాలని 1970 చట్టం 21వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. అయినా ఆ ఉద్యోగం ఎందుకు రక్షణ లేనిదవుతుందో గ్రాట్యుటీ ఉదాహరణతో చూడండి. 1972 చట్టం నుంచి వస్తున్న నియమం ప్రకారం గ్రాట్యుటీ రావాలంటే మామూలుగా ఒకే యజమాని దగ్గర ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. కాంట్రాక్టు రెండు మూడేళ్లకోసారి మారుతుంది. మనిషి అదే, యంత్రం అదే, గేటు అదే. కాగితంలో యజమాని పేరు మారుతుంది కనుక సర్వీసు మళ్లీ మొదటి నుంచి మొదలైనట్టు చూపిస్తారు. ఒకే ప్లాంటులో జీవితమంతా పనిచేసి చివరికి గ్రాట్యుటీ కోసం ఏ కాంట్రాక్టరును అడగాలో తెలియక తిరిగేవారిని నేను తరచుగా చూస్తుంటాను. పీఎఫ్ విషయంలోనూ ఒకప్పుడు ప్రతి కాంట్రాక్టరుకూ ఒక కొత్త ఖాతా ఉండేది. 2014లో యూఏఎన్, అంటే యజమాని మారినా మారని ఒకే పీఎఫ్ నంబరు, వచ్చాక ఆ కష్టం కొంత తగ్గింది, అది నిజమైన మేలు. కొత్త కోడ్‌లో నిర్ణీత కాలానికి నేరుగా నియమించినవారికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఇచ్చారు. కాంట్రాక్టరు ద్వారా వచ్చేవారి సర్వీసు ముక్కలు కావడం మాత్రం దానివల్ల ఆగదు.

ఇది విశాఖ ఒక్కదాని సంగతి కాదు. ప్రభుత్వం ఏటా జరిపే పరిశ్రమల సర్వే ప్రకారం ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వారి వాటా 2000 ప్రాంతంలో ఐదో వంతు ఉండగా, ఇప్పుడు ఐదింట రెండు వంతులు దాటింది.

సమాధానం: ఆటోనగర్ వర్క్‌షాప్

పై రెండు సమాధానాలూ శ్రద్ధగా చదివాను. పెద్ద కర్మాగారాల గురించి వారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. కానీ చట్టాల ఖర్చు అన్న కారణాన్ని అధ్యాపకురాలు గారు మరీ తేలికగా పక్కన పెట్టారు. ఇడ్లీ బండికి, పెద్ద ప్లాంటుకు మధ్యలో మావంటి చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. కొందరికి స్థిరమైన ఉద్యోగం ఇవ్వగలిగిన వాళ్లం మేమే. అందువల్ల మా లెక్క కూడా చూడాలి.

మాది ఫ్యాబ్రికేషన్ పని. పెద్ద ప్లాంట్ల నుంచి జాబ్ వర్క్ వస్తుంది. ప్లాంటులో షట్‌డౌన్ తీసుకున్నప్పుడు, అంటే మరమ్మతుల కోసం ఆపినప్పుడు, పని ఒక్కసారిగా మీద పడుతుంది, వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు పెద్ద సంఖ్యలో కావాలి. ఆ పని ముగిశాక పాతవారు కొద్దిమందికి కూడా చేతినిండా పని ఉండదు. పీఎఫ్ చట్టం 20 మంది దగ్గర, ఈఎస్ఐ చట్టం 10 మంది దగ్గర మొదలవుతాయి. ఒకసారి ఆ సంఖ్య దాటి చట్టం వర్తించాక, తరువాత మనుషులు తగ్గినా చట్టం వర్తిస్తూనే ఉంటుంది. రెండు వారాల పని కోసం శాశ్వతమైన బాధ్యత నెత్తికెత్తుకోవడానికి చిన్న యజమాని వెనకాడతాడు. షట్‌డౌన్ మనుషులను మేస్త్రీ ద్వారా తెచ్చుకుంటాడు. పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం, దాని మీద ఇతర చార్జీలు, ఈఎస్ఐకి 3.25 శాతం కలిపితే జీతంలో సుమారు ఆరో వంతు అవుతుంది. కార్మికుడి జీతంలోంచి మరో 12 శాతం పోతుంది. అప్పులున్న కుర్ర వెల్డరు ఆ కోత వద్దనీ, మొత్తం చేతికే ఇమ్మనీ అడగడం మామూలే. యాభై ఎనిమిదేళ్లకు వచ్చే పింఛను కన్నా ఈ నెల ఇంటి అద్దె అతనికి ముఖ్యం.

ఇంతకన్నా పెద్ద కారణం డబ్బు ఆలస్యంగా రావడం. చిన్న సంస్థల బిల్లులు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి చట్టం ఉంది. చేసిన పనికి బిల్లు పాసై డబ్బు చేతికి వచ్చేసరికి ఆ గడువు దాటిపోవడం మా రంగంలో అందరికీ అనుభవమే. ఫిర్యాదు చేస్తే మరుసటి ఆర్డరు రాదన్న భయంతో ఎవరూ నోరు విప్పరు. నెలనెలా జీతం వేయాలంటే నెలనెలా డబ్బు రావాలి కదా. గాజువాక మిత్రులు చెప్పిన గొలుసులో చివరి కొక్కెం మా దగ్గర ఉంది: పెద్ద సంస్థ తన నష్టభయాన్ని కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు మాకు, మేము రోజుకూలీకి దించుతున్నాం. చట్టం ఆ గొలుసులో అందరికన్నా బలహీనుణ్ణి పట్టుకున్నంత గట్టిగా మొదటివాణ్ణి పట్టుకోవడం లేదు.

సమాధానం: జాలరిపేట సహాయక

ఇంతవరకు జరిగిన చర్చలో స్త్రీలు దాదాపు లేరు, అందుకని ఈ నాలుగు మాటలు. మత్స్యకార కుటుంబాల్లో పడవ పని మగవారిది, చేపల అమ్మకం ఆడవారిది. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరులో వేలం పాడి కొనడానికి అప్పు తెచ్చి, వీధులు తిరిగి అమ్మి, సాయంత్రానికి వడ్డీతో కట్టే మహిళకు యజమాని అంటూ ఎవరూ లేరు. సర్వేలో ఆమెను స్వయం ఉపాధి కింద రాస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడు ఆమె ఆదాయమూ పడిపోతుంది. ఎంవీపీ కాలనీ ఇళ్లలో పనిచేసే మహిళలకు యజమానులు ముగ్గురో నలుగురో ఉంటారు, బాధ్యత మాత్రం ఎవరికీ ఉండదు. ఇంటి పనివారి హక్కుల మీద 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. ఆశా కార్యకర్తలను స్వచ్ఛంద సేవకులంటారు, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అంటారు. ప్రభుత్వమే పెద్ద యజమాని అయిన చోట పరిస్థితి ఇలా ఉన్నప్పుడు, చదువు లేకపోవడమే కారణమని ఎలా చెప్పగలం? శ్రామిక శక్తిలో స్త్రీల భాగస్వామ్యం 2017–18లో 23.3 శాతం ఉండగా 2023–24కు 41.7 శాతానికి పెరిగిందని సంతోషిస్తున్నాం. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం సొంత పనుల్లోనూ, కుటుంబ వ్యాపారంలో జీతం లేని సాయంలోనూ వచ్చింది.

కంచరపాలెం చదువరి

అందరికీ కృతజ్ఞతలు. పుస్తకాల్లో దొరకని విషయాలు ఇవి. ఇంకొక్క సందేహం. 2017లో జీఎస్టీ, 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చాయి. పూర్ణా మార్కెట్‌లో కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంటోంది. దీనివల్ల అసంఘటిత ఉపాధి తగ్గిందని చెప్పవచ్చా? అలాగే నా ప్రాజెక్టు కోసం కొద్దిమందిని కలిసి సర్వే చేయాలనుకుంటున్నాను. ఏం అడగాలి?

సమాధానం: అర్థశాస్త్ర అధ్యాపకురాలు

ముందుగా ఆటోనగర్ మిత్రులకు: మీరు చెప్పిన మధ్యస్థాయి సంస్థల వాదన న్యాయమైనది. బిల్లుల ఆలస్యాన్ని కార్మికుల భద్రత సమస్యగా చూడటం మన విధాన చర్చల్లో అరుదు. చూడాలని నేనూ అంటాను.

చదువరి గారికి: క్యూఆర్ కోడ్ వల్ల అమ్మకం డబ్బు లెక్కలోకి వచ్చింది, అమ్మే మనిషికి రక్షణ రాలేదు. జీఎస్టీలో సరుకులు అమ్మేవారికి ఏటా 40 లక్షల వరకు నమోదు అవసరం లేదు కనుక చిన్న వ్యాపారులు చాలామంది దాని పరిధిలోకే రారు. ఈ-శ్రమ్‌లో 30 కోట్లకు పైగా పేర్లు నమోదయ్యాయి. అది అసంఘటిత కార్మికుల జాబితా, అందులో చేరినందువల్ల ఉద్యోగ స్వభావం మారదు. దాని అసలు ఉపయోగం వేరు. 2020 లాక్‌డౌన్‌లో వలస కార్మికులు ఎవరు, ఎక్కడున్నారు అన్న జాబితా ప్రభుత్వం దగ్గర లేకపోయింది; ఆ లోటు ఇప్పుడు కొంత తీరింది. డెలివరీ పనివారి విషయమూ ఇటువంటిదే. ప్రతి నిమిషం ఫోన్‌లో నమోదవుతున్నా వారిని ఉద్యోగులుగా గుర్తించలేదు. అటువంటి పనివారు 2020–21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029–30కి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ అంచనా వేసింది. కొత్త సామాజిక భద్రతా కోడ్ వారి సంక్షేమ నిధికి కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలని చెప్పింది.

మీ సర్వేలో ‘మీరు అసంఘటిత కార్మికులా’ అని ఎవరినీ అడగకండి. జీతం తీసుకునేవారిని ప్రభుత్వ సర్వే అడిగే మూడు ప్రశ్నలే అడగండి: రాతపూర్వక ఒప్పందం ఉందా, జీతంతో కూడిన సెలవు ఉందా, పీఎఫ్ గాని ఆరోగ్య రక్షణ గాని ఉందా. 2017–18లో వ్యవసాయేతర రంగంలో నెలజీతగాళ్లలోనే 71.1 శాతానికి ఒప్పందం లేదు, 54.2 శాతానికి సెలవు లేదు, 49.6 శాతానికి ఏ భద్రతా లేదు. విశాఖ కోసం మరో రెండు ప్రశ్నలు కలపండి: మీరు పనిచేసే చోటు ఎవరిది, మీకు జీతం ఇచ్చేది ఎవరు? ఈ రెంటికీ వేర్వేరు జవాబులు వస్తే, అదే చోట ఎన్నేళ్లుగా ఉన్నారో, ఈలోగా ఎంతమంది కాంట్రాక్టర్లు మారారో కూడా అడిగి రాసుకోండి. గేటు దగ్గర షిఫ్టు మారే వేళ ఎవరికీ ఆగి మాట్లాడే తీరిక ఉండదు, సూపర్‌వైజరు చూస్తాడన్న భయమూ ఉంటుంది. అందువల్ల ఆదివారాలు గాజువాక, పెదగంట్యాడ బస్తీల్లో ఇళ్ల దగ్గరే కలవండి; పేరు గాని, గేట్ పాస్ నంబరు గాని రాసుకోవద్దు.